బండి రాత్రి ఎక్కడ పడుకుంటుంది?

"ఒకసారి ఛార్జింగ్ పెడితే ఎంత దూరం వస్తుందండీ?"

సిగ్నల్ దగ్గర పక్కన ఆగిన ఆటో అతను అడిగాడు. పెళ్లి భోజనాల దగ్గర మా పెద్దమ్మ కొడుకు అడిగాడు. పెట్రోల్ బంకులో టైర్లకు గాలి కొట్టే అబ్బాయి కూడా అడిగాడు. 2024 డిసెంబరులో ఎలక్ట్రిక్ కారు కొన్నప్పటి నుంచి ఇంకే ప్రశ్నా ఇన్నిసార్లు వినలేదు. మొదట్లో అందరికీ ఓపిగ్గా వివరంగా చెప్పేవాణ్ని. నాది 40 కిలోవాట్ అవర్ల బ్యాటరీ, అంటే 40 యూనిట్ల కరెంటు పడుతుంది, యూనిట్‌కి ఊళ్లో 7 కిలోమీటర్లు వస్తుంది, హైవే మీద స్పీడు వంద దాటితే 6కి పడిపోతుంది, కాబట్టి 240 నుంచి 280 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు అని. విన్నవాళ్లు "అంతేనా!" అనేవాళ్లు, నాకు కొంచెం బాధేసేది.

ఇప్పుడు, నిజంగా కొనే ఉద్దేశంతో ఎవరైనా అడిగితే ముందు నేనే ఒకటి అడుగుతున్నాను. మీ బండి రాత్రిపూట ఎక్కడ పెడతారు? అక్కడ ప్లగ్ ఉందా? ఉంటే కళ్లు మూసుకుని కొనండి, లేకపోతే ముందు ఆ ప్లగ్ సంగతి చూసుకుని తర్వాత షోరూంకి వెళ్లండి అంటున్నాను. రేంజ్ గురించి, అంటే ఒక ఛార్జింగ్‌కి వచ్చే దూరం గురించి, మనం పడే టెన్షన్‌లో చాలా వరకు అనవసరం. పార్కింగ్‌లో ప్లగ్ గురించి పడాల్సిన టెన్షన్ మాత్రం ఎవరూ పడటం లేదు, ప్రభుత్వం కూడా.

నా రోజు ఎలా నడుస్తుందో చెబితే ఈ మాట ఎందుకంటున్నానో తెలుస్తుంది. నిజాంపేట నుంచి నాంపల్లి ఆఫీసుకు రానూ పోనూ 40 కిలోమీటర్లు. అంటే సుమారు 6 యూనిట్లు. మన ఇళ్లలో గీజర్‌కీ ఏసీకీ వాడే మామూలు 15 ఆంపియర్ల సాకెట్‌లో బండితో వచ్చిన ఛార్జర్ పెడితే గంటకు 3 యూనిట్లు ఎక్కుతాయి. రెండు గంటల చిల్లర పెడితే ఆ రోజు తిరిగిందంతా తిరిగి నిండిపోతుంది. రాత్రి పదకొండింటికి పెట్టి ఉదయం ఏడింటికి తీస్తే 150 కిలోమీటర్ల పైన వస్తుంది, అంత నాకు ఏ రోజూ అవసరం పడలేదు. అందుకే నేను రోజూ పెట్టను కూడా, రెండు మూడు రోజులకు ఒకసారి పెడతాను. వేల రూపాయలు పోసి కొనే 7.2 కిలోవాట్ల గోడ ఛార్జర్ నాకు ఇప్పటిదాకా కావాల్సి రాలేదు. షోరూంలో ఈ సాకెట్‌ని 'స్లో ఛార్జింగ్' అని తక్కువ చేసి మాట్లాడతారు గానీ, మనిషి నిద్రపోతున్నప్పుడు స్లో అయితే ఏంటి, ఫాస్ట్ అయితే ఏంటి?

డబ్బు లెక్క కూడా ఇక్కడే ఉంది. నెలకు 1,200 కిలోమీటర్లు తిరుగుతాను. గోడలో నుంచి లాగే కరెంటులో పదో వంతు దారిలో పోతుంది కాబట్టి మీటరు మీద 190 యూనిట్ల దాకా పడుతుంది. ఇల్లు మామూలుగా 250 యూనిట్లు కాలుస్తుంది, దాని మీద ఇవి కలిసేసరికి పై స్లాబుల్లోకి పోయి చివరి యూనిట్లు 9 రూపాయల పైన పడుతున్నాయి. అయినా కారు వల్ల పెరిగే బిల్లు 1,700 దాటడం లేదు. ఇదే దూరం నా పాత పెట్రోల్ బండిలో 80 లీటర్లు తాగేది, అంటే ఎనిమిదిన్నర వేలు. (ఈవీకి, అంటే ఎలక్ట్రిక్ బండికి, విడిగా మీటరు తీసుకునే కేటగిరీ ఉంది, దానికి స్లాబులుండవు, ఒకటే రేటు. ఎక్కువ తిరిగేవాళ్లు అది చూసుకోవడం మంచిది.) అదే బయట ఫాస్ట్ ఛార్జర్ దగ్గర పెడితే, జీఎస్టీతో కలిపి యూనిట్ 20 నుంచి 25 రూపాయలు. నెలకు నాలుగు వేల పైమాటే. ఇంట్లో ప్లగ్ ఉన్నవాడికీ లేనివాడికీ మధ్య తేడా రెట్టింపు కంటే ఎక్కువ. డబ్బుతో పాటు వారానికి రెండుసార్లు, వెళ్లి రావడంతో కలిపి గంటన్నర పోతుంది. ఈ తేడాని గుర్తుపెట్టుకోండి, నా గొడవంతా దీని గురించే.

ఆ ప్లగ్ నాకు తేలిగ్గా రాలేదు. మాది 2011లో కట్టిన అపార్ట్‌మెంట్, ఐదంతస్తులు, 20 ఫ్లాట్లు, సెల్లార్‌లో పార్కింగ్. కారు బుక్ చేసే ముందే అసోసియేషన్‌కి కాగితం రాసి ఇచ్చాను, నా ఫ్లాట్ మీటరు నుంచే నా పార్కింగ్ స్తంభం దాకా వైరు లాక్కుంటాను, కామన్ కరెంటు ఒక్క యూనిట్ కూడా వాడను అని. మీటింగ్‌లో రెండు గంటలు చర్చ జరిగింది. "మొత్తం బిల్డింగ్ ట్రిప్ అయిపోతుంది" అని ఒకరు, "రేపు అందరూ అడుగుతారు" అని ఒకరు. రేపు అందరూ అడుగుతారు అనే మాట మీద నాకు నిజంగా ఆశ్చర్యం వేసింది. అడగనివ్వండి, అది రావాల్సిన రోజే కదా, ఇప్పటి నుంచే లైను సరిగ్గా వేసుకుంటే అప్పుడు తిప్పలుండవు అన్నాను.

లోడ్ గురించి భయపడేవాళ్లకు ఒక పోలిక చెప్పాను. మన బోరు మోటరు 5 హెచ్‌పీ, అంటే 3.7 కిలోవాట్లు. నా కారు 15 ఆంపియర్ల సాకెట్‌లో లాగేది 3. మోటరు కంటే తక్కువ. కాకపోతే మోటరు గంట నడిచి ఆగుతుంది, కారు ఆరేడు గంటలు ఆగకుండా లాగుతుంది, అందుకని వైరు వేడెక్కకుండా లావుగా ఉండాలి. నేను 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వేయించాను, దానికి విడిగా లోడ్ ఎక్కువైతే కట్ చేసే 20 ఆంపియర్ల ఎంసీబీ, లీకేజీ వస్తే కట్ చేసే ఆర్‌సీసీబీ, మంచి కంపెనీ ఇండస్ట్రియల్ సాకెట్. పైపులు, కూలీతో కలిపి 14,000 అయింది. ఇందులో రూపాయి తగ్గించుకోవద్దని కొనే ప్రతి వాళ్లకూ చెబుతాను. ఇంట్లో ఉన్న పాత ఎక్స్‌టెన్షన్ బాక్సుకి కారు తగిలించడం మాత్రం ఎవరూ, ఒక్క రాత్రి కోసం కూడా, చేయొద్దు.

నిప్పు భయం వేరే సంగతి. దాన్ని నేను కొట్టిపారేయను. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఒక ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేచి, పైన లాడ్జిలో ఉన్నవాళ్లు పొగకు ఊపిరాడక చనిపోయారు, మొత్తం 8 మంది. అదే ఏడాది ఏప్రిల్‌లో విజయవాడలో, నిజామాబాద్‌లో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. మా మీటింగ్‌లో ఒక పెద్దాయన ఈ మాట ఎత్తగానే అందరూ నిశ్శబ్దమైపోయారు. ఆయన భయం న్యాయమైనదే. ఆ తర్వాత బ్యాటరీల పరీక్షల నియమాలు గట్టిపడ్డాయి, కార్లలో ఉండే బ్యాటరీకి వేడిని అదుపు చేసే ఏర్పాటు ఉంటుంది, ఇప్పుడు చాలా బండ్లలో వాడుతున్న ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రసాయనం అంత తొందరగా అంటుకునేది కాదు. ఇవన్నీ చెప్పాను. కానీ ఆయనకు అసలు సమాధానం ఇవి కావని నాకు తర్వాత అనిపించింది. మనం కాదంటే బండి కొనేవాడు కొనడం మానడు, మూడో అంతస్తు బాల్కనీ నుంచి సన్న వైరు కిందికి వేలాడదీస్తాడు, ఎర్తింగ్ ఉండదు, ఎంసీబీ ఉండదు, వాన పడితే సాకెట్ మీద గొడుగు పెడతాడు. ఇది నేను ఊహించి చెబుతున్నది కాదు, మా వీధిలో రెండు చోట్ల కళ్లతో చూశాను. మంటలు వస్తాయని భయపడే అసోసియేషన్ చేయాల్సింది సరైన లైనుకి అనుమతి ఇచ్చి, దాన్ని ఏడాదికోసారి చెక్ చేయించడం. ఆ మాట మీదే చివరికి ఒప్పుకున్నారు. రెండు మంటలార్పే సిలిండర్లు సెల్లార్‌లో పెట్టాలన్నారు, ఒకటి నేను కొన్నాను.

ఇక మా ఊరి సంగతి. కోదాడ దగ్గర పల్లె, ఇంటి నుంచి 200 కిలోమీటర్లకు కాస్త తక్కువ. 2025 సంక్రాంతికి మొదటిసారి ఈ బండిలో వెళ్లాం. తొంభై దాటకుండా నడిపితే నాలుగో వంతు బ్యాటరీ మిగులుతూ ఇంటికి చేరవచ్చని లెక్క వేసుకున్నాను, లెక్క ప్రకారమే చేరాం. అసలు పని ఇంటికెళ్లాక మొదలైంది. వసారాలో ఫ్రిజ్ పక్కనున్న సాకెట్‌కి ఛార్జర్ పెడితే ఎర్ర లైటు. తీసి మళ్లీ పెట్టాను, ఎర్ర లైటే. పండక్కి వచ్చిన పిల్లలంతా చుట్టూ చేరారు, మా అమ్మ "ఏమైంది నాయనా, కరెంటు ఎక్కట్లేదా?" అని పక్కనే నిలబడింది. బండి పాడైపోయిందని అనుకున్నాను. ఊళ్లో మోటార్లు చూసే ఎలక్ట్రీషియన్ వచ్చి, టెస్టర్‌తో కాసేపు చూసి, "అన్నా, మీ ఇంటికి ఎర్తే లేదు" అన్నాడు.

నలభై ఏళ్ల ఇల్లు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, ఫ్రిజ్ నడుస్తోంది, గ్రైండర్ నడుస్తోంది. మూడు పిన్నుల ప్లగ్‌లో లీకైన కరెంటుని భూమిలోకి పంపాల్సిన ఆ పై లావు పిన్ను ఎటూ తగలకుండా ఉత్తినే ఉంది. ఫ్రిజ్ ముట్టుకుంటే అప్పుడప్పుడూ చురుక్కుమంటుందని అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో, మేం తడి చేత్తో ముట్టుకోకమ్మా అని వదిలేశాం. కారు ఛార్జర్ అలా వదిలెయ్యదు, ఎర్త్ కనబడకపోతే కరెంటు తీసుకోనే తీసుకోదు. కారు కోసమని ఇంటి వెనక ఆరడుగుల గొయ్యి తవ్వించి, జీఐ పైపు దించి, బొగ్గు ఒక వరస, ఉప్పు ఒక వరస వేసి పూడ్పించాం. దాంతో ఛార్జర్‌కి పచ్చ లైటు వచ్చింది, ఫ్రిజ్ చురుక్కుమనడం కూడా ఆ రోజుతో పోయింది. మా అమ్మకి ఎప్పుడు ఏమయ్యేదో అని ఇప్పటికీ తలుచుకుంటే గుండె ఝల్లుమంటుంది. ఎండాకాలంలో గొయ్యి ఎండిపోతే ఎర్త్ సరిగ్గా పనిచేయదని ఎలక్ట్రీషియన్ చెప్పాడు కాబట్టి, మేం బయల్దేరే ముందు రోజు ఆమె అందులో రెండు బిందెల నీళ్లు పోస్తుంది. "గుంతలో నీళ్లు పోశాను, రండి" అని ఫోన్ చేస్తుంది. ఎవరైనా ఎలక్ట్రిక్ కారు కొని ఊరికి వెళ్తున్నామంటే నేను చెప్పే మొదటి మాట ఇదే. హైవే మీద ఛార్జర్లు ఎన్ని ఉన్నాయో తర్వాత, ముందు మీ ఊళ్లో ఇంటికి ఎర్త్ ఉందో లేదో చూపించుకోండి. కారు లేకపోయినా చూపించుకోండి. వోల్టేజీ సంగతి కూడా కనుక్కోండి, మా ఊళ్లో సాయంత్రాలు 180కి పడిపోయేది, రాత్రి పదకొండు దాటాక పెడితేనే సరిగ్గా ఎక్కుతుంది.

హైవే గురించి ఎక్కువ చెప్పను, దాని గురించి అందరూ చెబుతున్నారు. విజయవాడ దారిలో ఇప్పుడు ఛార్జర్లకు కొదవ లేదు, నార్కట్‌పల్లి, సూర్యాపేట, కోదాడ అన్ని చోట్లా హోటళ్ల దగ్గర ఉన్నాయి. మామూలు రోజుల్లో దిగి టిఫిన్ తిని టీ తాగేసరికి సరిపోతుంది. పండగ రోజుల్లో మాత్రం కష్టం. ఆ సంక్రాంతి తిరుగు ప్రయాణంలో, చెల్లెలి దగ్గరికి విజయవాడ కూడా వెళ్లి వస్తున్నాం కాబట్టి ఛార్జింగ్ తప్పనిసరి అయింది. ఒక హోటల్ దగ్గర యాప్‌లో రెండు ఛార్జింగ్ గన్నులు ఖాళీ అని చూపించింది, వెళ్లి చూస్తే ఒకటి పనిచేయడం లేదు, రెండో దాని ముందు నాలుగు బండ్లు. హెల్ప్‌లైన్ వాళ్లు "రీస్టార్ట్ చేస్తున్నాం సార్" అని మూడుసార్లు చెప్పారు. రెండు గంటల పైన నిలబడ్డాం, పిల్లలు ఆకలికి ఏడ్చారు. అక్కడ ఒకాయన 80 శాతం దాటినా బండి తియ్యలేదు. అందరూ తెలుసుకోవాల్సిన విషయం ఇది: 80 దాటాక బ్యాటరీ నెమ్మదిగా తీసుకుంటుంది, చివరి ఇరవైకి పట్టే సమయంలో వెనకాల నిలబడినవాడు సగం నింపుకుని వెళ్లిపోవచ్చు. క్యూ ఉన్నప్పుడు 80కి తీసెయ్యడం మనందరం మర్యాదగా పాటించాలి. అయితే ఏడాదిలో ఇలాంటి రోజులు నాకు మూడు. మిగతా మూడొందల అరవై రోజులూ బండి మా సెల్లార్‌లో స్తంభం పక్కనే నిండింది. ఆ మూడు రోజుల గురించి ఇంత మాట్లాడుకుంటూ మిగతా ఏడాదిని వదిలేస్తున్నాం.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్న చోటికి వస్తాను. మా పైన 302లో అద్దెకు ఉండే కుర్రాడు, నన్ను చూసి, నా మాట విని, పోయినేడాది చిన్న ఎలక్ట్రిక్ కారు తీసుకున్నాడు. భార్య స్కూల్లో టీచర్, ఇద్దరూ రోజూ అందులోనే వెళ్తారు. నాకు ఇచ్చినట్టే తనకీ అనుమతి ఇస్తారనుకున్నాడు. అసోసియేషన్ "ఓనర్ రాసిస్తేనే" అంది. బెంగళూరులో ఉండే ఓనర్ "రేపు మీరు ఖాళీ చేస్తే ఆ వైర్లన్నీ నాకెందుకు" అన్నారట. ఇప్పుడు అతను వారానికి రెండు రాత్రులు భోజనం చేశాక మూడు కిలోమీటర్లు వెళ్లి, ఒక మాల్ పార్కింగ్‌లో గంటన్నర కూర్చుని వస్తున్నాడు. నా కంటే చిన్న బండి, నా కంటే తక్కువ జీతం, యూనిట్‌కి నేను కట్టేదానికి రెండింతల పైనే కడుతున్నాడు. అతన్ని లిఫ్ట్‌లో చూసినప్పుడల్లా, కొనమని చెప్పింది నేనే కదా అని మనసు కలుక్కుమంటుంది.

ఈవీలకి ప్రభుత్వం ఇచ్చే రాయితీలు చిన్నవి కావు. 2019 ఆగస్టులో జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. తెలంగాణలో 2024 నవంబరు నుంచి రోడ్ ట్యాక్సూ రిజిస్ట్రేషన్ ఫీజూ మొత్తం మాఫీ చేశారు, 2026 డిసెంబరు దాకా ఉంటుందన్నారు. నాకు దాని వల్ల లక్షల్లో మిగిలింది, కాదనను. కానీ ఈ రాయితీలన్నీ బండి కొనే రోజుతో అయిపోతాయి. ఆ తర్వాత పదేళ్లు రోజూ దక్కాల్సిన లాభం, ఆ చవక కరెంటు, సొంత ఫ్లాట్ ఉన్నవాడికే దక్కుతోంది. ఉన్న కనెక్షన్‌తోనే ఇంటి దగ్గర ఛార్జింగ్ పెట్టుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరిలోనే మార్గదర్శకాల్లో రాసింది. పార్కింగ్‌లో 20 శాతానికి ఛార్జింగ్ ఏర్పాటు ఉండాలని 2019లో నమూనా బిల్డింగ్ నియమాల్లో చేర్చారు. రాసినవి బాగానే ఉన్నాయి. మా 2011 బిల్డింగ్‌కి కొత్త బిల్డింగ్‌ల నియమం పట్టదు, 'పెట్టుకోవచ్చు' అనే మాట చూపిస్తే అసోసియేషన్ కదలదు. 'అడిగితే కాదనకూడదు' అని ఉండాలి. ఫ్రీమాంట్‌లో ఉండే మా చిన్నాన్న కూతురు చెబితే తెలిసింది, కాలిఫోర్నియాలో అద్దెకు ఉన్నవాళ్లు సొంత ఖర్చుతో పార్కింగ్‌లో ఛార్జర్ పెట్టుకుంటామని రాసిస్తే, కొన్ని మినహాయింపులు తప్ప, ఇంటి యజమాని ఒప్పుకోవాలని చట్టమే ఉందట. మనకూ అలాంటి ఒక్క వాక్యం చాలు. దానికి బడ్జెట్ అక్కర్లేదు, ఎవరికీ సబ్సిడీ ఇవ్వక్కర్లేదు.

అద్దెకు ఉండేవాళ్లలో కార్లు కొనేది ఎంతమంది అని మా సెక్రటరీ గారు అడిగారు. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగాలు చేసుకునే కుర్రాళ్లలో సగం పైగా అద్దె ఇళ్లలోనే ఉన్నారని నాకనిపిస్తుంది, వాళ్లని వదిలేసినా, ఎలక్ట్రిక్ ఆటో నడుపుకునే మనిషి సొంత ఫ్లాట్‌లో ఉంటాడా? స్కూటర్ మీద డెలివరీలు చేసే అబ్బాయి ఉంటాడా? కరెంటు బండి వల్ల ఎక్కువ మిగిలేది రోజూ ఎక్కువ తిరిగేవాళ్లకి. వాళ్లకే ప్లగ్ లేదు.

"మన కరెంటు చాలా వరకు బొగ్గుదే కదా, ఇదంతా దేనికి" అనేవాళ్లూ ఉన్నారు. బొగ్గుదే, నిజమే. అయినా యూనిట్‌కి ఏడు కిలోమీటర్లు నడిచే బండి, లీటరుకి పదిహేను నడిచే పెట్రోల్ బండి కంటే కిలోమీటరుకి తక్కువ పొగే పెడుతుంది, పైగా ఆ పొగ కూకట్‌పల్లి సిగ్నల్ దగ్గర నా పిల్లల ముక్కు ముందు రాదు. నాకు ఆ మాత్రం చాలు.

వచ్చే ఆదివారం మా జనరల్ బాడీ మీటింగ్. పోయినసారి నా ఒక్కడి కోసం కాగితం రాసుకెళ్లాను, ఈసారి ఇలా రాశాను:

"సొంత యజమానులైనా, అద్దెకు ఉన్నవారైనా, తమ ఫ్లాట్‌కి కేటాయించిన పార్కింగ్‌లో, తమ మీటరు నుంచి, లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ చేత, సొంత ఖర్చుతో ఛార్జింగ్ పాయింట్ పెట్టించుకోవచ్చు. అసోసియేషన్ దీన్ని కాదనకూడదు. ఖాళీ చేసేటప్పుడు వైరు, బోర్డు అక్కడే వదిలి వెళ్లాలి. లైన్లను ఏడాదికోసారి అసోసియేషన్ చెక్ చేయించాలి."

20 ఫ్లాట్లలో ఇప్పటిదాకా 8 సంతకాలు అయ్యాయి, ఆ భయపడిన పెద్దాయన అందరికంటే ముందు పెట్టారు. మూడో వాక్యం రాసింది 302 ఓనరు గారి కోసమే, వైర్లు నాకెందుకన్న ఆయనకు పైసా ఖర్చు లేకుండా తర్వాత అద్దెకు వచ్చేవాళ్లకి ప్లగ్ సిద్ధంగా ఉంటుంది కదా. ఆయన నంబరు తీసుకున్నాను, రేపు సాయంత్రం ఫోన్ చేస్తాను.